వానికి చుక్కల పిచ్చి

'హాబీ' అనే ఇంగ్లీషు మాటకు మన తెలుగులో సరియైన మాట యింతవరకు కుదరలేదు. వ్యాసంగం అంటే పండితుల పనిలాగా వినబడుతుంది. కాలక్షేపం అంటే పేకాట గుర్తుకు వస్తుంది. మా వూళ్లో మాత్రం దీనికొక మంచి మాట వుండేది: పిచ్చి. ఒకనికి నాటకాల పిచ్చి, ఇంకొకనికి భజనల పిచ్చి, ఫలానావారి అబ్బాయికి కోడిపందేల పిచ్చి అనేవారు. ఆ మాటలో కొంత యెగతాళి వున్నా కొంత ముద్దు కూడా వుండేది. పిచ్చి లేనివాణ్ణి చూస్తే మా పెద్దలకు జాలి. "వానికి యే పిచ్చీ లేదు పాపం, డబ్బు లెక్కబెట్టుకుంటాడు" అనేవారు.

నా స్నేహితునికి చుక్కల పిచ్చి. వాని సహవాసం వల్ల నాకూ అంటుకున్నది. నాకిప్పుడు డెబ్భై యెనిమిదేళ్లు. అది యింకా వదలలేదు.

హొసూరు అంటే కన్నడంలో క్రొత్తవూరు. ఆ పేరుగల వూళ్లు చాలా వున్నవి. ఈ పత్రిక చదివేవారిలో పదిమందికి తొమ్మిదిమంది కృష్ణగిరి జిల్లా హోసూరునే తలుచుకుంటారని నాకు తెలుసు. నేను చెప్పేది గౌరిబిదనూరు తాలూకా హొసూరు. ఆ కాలంలో కోలారు జిల్లా. 2007లో చిక్కబళ్లాపురం ప్రత్యేక జిల్లా అయినప్పుడు అందులోకి పోయింది. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు సీమలో తరతరాలుగా స్థిరపడిన మనవాళ్ల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. యింట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. నా స్నేహితుడు తెలుగులో అనుకున్నది కన్నడ అక్షరాలతో వ్రాసేవాడు. వాని నోటుపుస్తకం నా దగ్గర వున్నది. బయటివారు దాన్ని చూసి యిది యే భాష అని తికమకపడతారు. మన యిళ్లలో అది వింత గాదు.

వాడూ నేనూ 1947లో పుట్టినవాళ్లం. ఒకే బడి, ఒకే బెంచీ. లెక్కల్లో వాడు నాకంటె చురుకు. అయితే 1963లో వాని తండ్రి పోయినాడు. తల్లి, యిద్దరు చెల్లెండ్రు, కొద్దిపాటి మల్బరీ తోట, పట్టుపురుగులు, అప్పు – ఇవన్నీ పదహారేళ్లవాని మీద పడ్డవి. నేను చదువుకు బెంగుళూరు పోతిని. వాడు తట్టల దగ్గర నిలబడిపోయినాడు.

పట్టుపురుగులు పెంచిన యిల్లు మీలో చాలామంది చూసే వుంటారు. పురుగు నాలుగుసార్లు కదలకుండా పడుకుని చర్మం విడుస్తుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్క. నాలుగో జ్వరం లేచిన తరువాత దాని ఆకలి చెప్పతరం కాదు. జన్మకంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ కడపటి వారంలోనే తినివేస్తుంది. ఆ వారంలో రాత్రులు లేచి ఆకు వేయాలి. చీకట్లో ఆ పురుగులన్నీ కలిసి తింటూవుంటే పెంకుల మీద వాన పడుతున్నట్లు చప్పుడు. వూరంతా నిద్రపోయే వేళ నా స్నేహితుడు ఆకు వేసి, చేతులు కడుక్కుని, బయట అరుగు మీద కూర్చునేవాడు. వానికి చుక్కలు పరిచయమైనది అట్లా. వేగుచుక్క, పిల్లలకోడి, గొల్లకావడి, మంచంకోళ్లు – ఈ పేర్లు వాళ్ల అమ్మ చెప్పినవి. అవి యెప్పుడు లేస్తాయో, యెప్పుడు పడతాయో వాడు తన పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాడు. యెవరూ పెట్టుకోమనలేదు.

1965 దీపావళికి నేను వూరికి వస్తే, తెల్లవారుజామున వాడు వచ్చి తలుపు తట్టినాడు. "లేయిరా, తూరుపు పక్క పొరక నిలబెట్టినారు చూడు" అన్నాడు. నిజంగా పొరక మాదిరే వున్నది. తల క్రింద, తోక పైన. అది ఇకేయా–సెకి అనే తోకచుక్క అనీ, యిద్దరు జపానువాళ్లు ఆ సంవత్సరం సెప్టెంబరులో కనిపెట్టినారనీ, అక్టోబరు 21న సూర్యునికి బహు దగ్గరగా చుట్టివచ్చిందనీ నేను బెంగుళూరులో తెలుసుకుని వచ్చి చెప్పినాను. వాడు ఆ జపానువాళ్ల సంగతి మళ్లీ మళ్లీ అడిగినాడు. వాళ్లు పెద్ద ఉద్యోగస్తులు కారు, పిచ్చి కొద్దీ రాత్రిళ్లు ఆకాశం గాలించేవాళ్లు అని తెలిసినప్పుడు వాని ముఖం చూడవలసింది!

వూళ్లో పెద్దలకు ఆ తోకచుక్క రుచించలేదు. అప్పుడే పాకిస్తానుతో యుద్ధం ముగిసింది. వానలు లేవు. 1966 జనవరి 11న లాల్ బహదూర్ శాస్త్రిగారు తాష్కెంటులో పోయినారు. "చూస్తిరా, చెప్తిమి గదా" అన్నారు. ప్రతి సంవత్సరమూ యెవరో ఒక పెద్దమనిషి పోతూనే వుంటాడు, తోకచుక్క మాత్రం ప్రతి సంవత్సరమూ రాదు అని నా స్నేహితుడు అంటే, వాణ్ణి అరుగు మీద నుంచి లేచిపొమ్మన్నారు.

మా వూరిలో యిట్లా అడిగినవాడు వాడే మొదటివాడు కాడు. డాక్టరు హెచ్. నరసింహయ్యగారు మా హొసూరివారే. 1920 జూన్ 6న బీద యింట పుట్టినారు. 1935లో బెంగుళూరు నేషనల్ హైస్కూలులో చేరటానికి యిక్కడినుంచి నడిచి పోయినారు, సుమారు యాభై మైళ్లు. 1942 ఉద్యమంలో చదువు విడిచి జైలుకు పోయి, తరువాత భౌతికశాస్త్రంలో యం.యస్సి. ముగించి, 1946లో బసవనగుడి నేషనల్ కాలేజీలో అధ్యాపకులైనారు. అమెరికా పోయి ఒహైయోలో 1960లో డాక్టరేటు పుచ్చుకుని, తిరిగి వచ్చి అదే కాలేజీకి ప్రిన్సిపాలు. తరువాత బెంగుళూరు విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరు కూడా అయినారు. ఖద్దరు పంచె, జుబ్బా, టోపీ. పెళ్లి లేదు. 2005 జనవరి 31న పోయేవరకు హాస్టలు గదే యిల్లు. తమ కథ 'హోరాటద హాది' అని కన్నడంలో వ్రాసుకున్నారు. ఈ పదవులన్నీ అటుంచండి. మా వూరి పిల్లల నోట్లో మిగిలింది ఒక్క మాట: నడిచి పోయినాడట!

ఆయన 1962లో బెంగుళూరు సైన్స్ ఫోరం పెట్టినారు. బుధవారం బుధవారం సాయంత్రం నేషనల్ కాలేజీలో ఉపన్యాసం. రుసుము లేదు, యెవరైనా రావచ్చును. పురుగులు గూళ్లు కట్టి, గూళ్లు శిడ్లఘట్ట సంతకు పోయి, మళ్లీ క్రొత్త గుడ్లు వచ్చేలోపల నా స్నేహితునికి నాలుగు రోజులు తీరిక దొరికేది. ఆ రోజుల్లో బుధవారం పడితే మీటరుగేజి ప్యాసింజరెక్కి వచ్చేవాడు. చివరి బెంచీలో నా ప్రక్కన కూర్చునేవాడు. ఉపన్యాసం ఇంగ్లీషులో జరిగితే నేను మెల్లగా తెలుగులో చెప్పాలి. ఒక్కొక్కసారి నాకే అర్థం కాక నేను వూరుకుంటే, "నీకూ తెలియలేదా? బాగుంది" అని మోచేత్తో పొడిచేవాడు. నరసింహయ్యగారిని దూరం నుంచి చూసేవాళ్లం. ఒక్కసారి పోయి మాది హొసూరని చెప్పరా అని నేను వెంటపడితే, "చెప్పి యేం చేసేది? ఆయన నడిచి వచ్చినాడు, నేను రైలెక్కి వచ్చినాను" అన్నాడు. వాడట్లాంటి వాడు.

ఇక మా బొంగు సంగతి చెప్పాలి. ఇది కొంచెం విస్తరించి చెబుతాను; యెవరి పిల్లలకైనా పనికిరావచ్చును.

చిక్కపేటలో ఒక కళ్లద్దాల అంగడిలో ప్లస్ ఒకటి నంబరు గాజు, కోయకముందు గుండ్రంగా వుండేది, అడిగి కొన్నాను. నలభై దాటినవారు చదవటానికి పెట్టుకునేదే. దాని వెనుక బొమ్మ సరిగ్గా ఒక మీటరు దూరాన పడుతుంది. కంటి దగ్గరికి గడియారాలు బాగుచేసేవాళ్లు పెట్టుకునే భూతద్దం. దాని దూరం అయిదు సెంటీమీటర్లు. నూటిని అయిదుతో భాగిస్తే యిరవై. అంటే వస్తువు యిరవై రెట్లు పెద్దదిగా కనబడుతుంది. గొట్టానికి వాడు లావు వెదురు బొంగు తెచ్చి, కణుపులు కాల్చిన కడ్డీతో పొడిచి, లోపల మసి పూసినాడు. భూతద్దాన్ని పాత క్యాలెండరు చుట్టిన చిన్న గొట్టంలో బిగించి ముందుకు వెనుకకు జరిపేటట్లు చేసినాడు. మొదట చూస్తే ప్రతి చుక్క చుట్టూ యెరుపు నీలం అంచు. గాజు ముందర అంగుళం రంధ్రం చేసిన అట్ట పెట్టితే వెలుగు తగ్గినా బొమ్మ నిలిచింది. చేత్తో పట్టుకుంటే వణుకుతుందని బావి గిలక స్తంభానికి తాడుతో కట్టినాము. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు తిట్టని తిట్టు లేదు.

1966 సంక్రాంతి పండుగకు అందులో గురువు కనబడినాడు. చిన్న పళ్లెం మాదిరి, దానికి అటూ యిటూ ఒకే వరుసలో సన్నని చుక్కలు. మొదటి రాత్రి మూడు, మరునాడు నాలుగు. గెలీలియో 1610లో చూసిన నాలుగు చందమామలు అవే; ఆయన దుర్భిణికి కూడా యిరవై రెట్ల శక్తే. ఆ రాత్రి మా యిద్దరికీ పితికినపప్పుతో ముద్ద పెట్టి వాని తల్లి మూడుసార్లు పిలిచింది. మేము పోలేదు. చివరకు ఆమే కంచాలు బావి దగ్గరికి తెచ్చింది.

మాకు అసలు ఆశ శని మీద. శనికి ఉంగరాలున్నవని పుస్తకాలన్నీ చెబుతున్నవి గదా! ఆ సంవత్సరం దీపావళి అమావాస్యకు, నవంబరులో, ఆకాశం కడిగినట్లున్నది. సాయంత్రమే శని పైన. బొంగు కట్టి చూస్తే వుత్త చుక్క. ఉంగరం లేదు గదా, ఉంగరం జాడ కూడా లేదు. గాజు మంచిది కాదని నేను, కణుపు అడ్డం వచ్చిందని వాడు ఒకరి మీద ఒకరం విసుక్కున్నాము. వారం రోజులు మాటలు లేవు.

వారం తరువాత నాకొక కార్డు వచ్చింది. అన్నం తినే కంచాన్ని కంటికి సూటిగా అంచు కనబడేటట్లు పట్టుకుంటే గీతగా మారిందనీ, ఇంకా దూరం పెట్టితే కనబడకుండానే పోయిందనీ, శని ఉంగరం కూడా యిప్పుడు మన వైపు అంచు తిప్పి వుండాలనీ వ్రాసినాడు. నేను గ్రంథాలయానికి పోయి చూసినాను. అక్షరాలా నిజం! 1966లో భూమి ఆ ఉంగరాల తలానికి అడ్డంగా మూడుసార్లు దాటింది: ఏప్రిల్ 2, అక్టోబరు 29, డిసెంబరు 18. సుమారు పదునైదేళ్లకొకసారి వచ్చే తరుణంలో, వెదికి వెదికి సరిగ్గా అప్పుడే మేము చూసినాము. 1612లో గెలీలియోకు కూడా యిట్లాగే మాయమైతే ఆయన కళవళపడినాడు. అవి ఉంగరమని హైగెన్సు తేల్చేసరికి 1650 దాటింది. మా హొసూరివాడు వారంలో తేల్చినాడు. పుస్తకాల్లో ఉంగరమని ముందే వున్నది గనుక అది గొప్ప గాదని వాడే అనేవాడు. నాకు మాత్రం గొప్పే.

ఆ చలికాలంలోనే వాని పుస్తకంలో యింకొక లెక్క వున్నది. వాళ్లమ్మకు శని భయం. యింట్లో వరుసగా కష్టాలు వచ్చినవి గనుక ఏలినాటి శని అని శనివారాలు ఒంటిపూట వుండేది. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, తరువాతి రాశి – మూడు రాశులకు ఏడున్నర సంవత్సరాలు. అంటే రాశికి రెండున్నర. పన్నెండు రాశులకు ముప్పై. దుర్భిణి పుస్తకం ప్రకారం శని సూర్యుని చుట్టివచ్చే కాలం ఇరవైతొమ్మిదిన్నర సంవత్సరాలు. "అమ్మ లెక్కా గెలీలియో లెక్కా ఒక్కటే. ఫలమే వేరే" అని క్రింద వ్రాసినాడు.

స్నేహం గురించి చెప్పమంటే నాకు పెద్ద మాటలు రావు. మేము ఒకరి కష్టం ఒకరికి చెప్పుకున్నవాళ్లం కాము. వాని అప్పు యెంతో నేను యెప్పుడూ అడగలేదు. నేను చదువుతున్నాననీ తాను చదవలేదనీ వాడు యెన్నడూ ఎత్తలేదు. ఇద్దరం ఒకే వైపు చూస్తూ నిలబడినాము. మగపిల్లల స్నేహం చాలావరకు యింతేననుకుంటాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే మూగవాళ్లం. మధ్య ఒక పని పడవేస్తే తెల్లవార్లూ మాట్లాడతాము.

1968 ఎండాకాలం వానికి విషజ్వరం తగిలింది. నాకు కబురు అందేసరికి పదకొండో రోజు. నేను పోయేసరికి అంతా అయిపోయింది. వాని తల్లి తట్టల దగ్గర కూర్చుని వున్నది. ఆ తడవ పురుగులు కూడా జ్వరంలోనే వున్నవి. నన్ను చూసి, "పురుగుకు జ్వరం వస్తే మరునాటికి లేస్తుంది గదా నాయనా, వీడెందుకు లేయలేదు?" అన్నది. ఇరవైయొక్క యేళ్లు వానికి.

పదిరోజులు గడవకముందే వూళ్లో మాట పుట్టింది: శనిని తేరిపార చూడవచ్చునా? గాజు పెట్టి మరీ చూసినాడు. చూసినవాణ్ణి ఆయన వూరికే వదులుతాడా? ఆ మాట ఆమె చెవిన పడింది. బొంగును తీసి కనబడకుండా దాచివేసింది. నాతో ఒక్క మాట అనలేదు గాని, ఆ తరువాత నేను పోతే నా ముఖం చూసేది కాదు. అంటే నన్ను కూడా లెక్కలో చేర్చుకున్నదన్నమాట. గాజు తెచ్చింది నేనే గదా.

నరసింహయ్యగారైతే రుజువు అడుగుతారు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోరాదని జీవితమంతా చెప్పినారు. 1976లో మహిమలను పరీక్షించటానికి సంఘం కూడా వేసినారు. ఆయన మార్గమే నా మార్గం. నీళ్లలోనో, ఆహారంలోనో చేరిన క్రిమి వల్ల వచ్చే జ్వరానికీ, కోట్ల మైళ్ల దూరాన తిరిగే గ్రహానికీ సంబంధం లేదు. కాని బిడ్డ పోయిన తల్లి ముందు కూర్చుని యీ మాట యెట్లా చెప్పటం? ఉపన్యాసాల్లో అది మాకు యెవరూ నేర్పలేదు. నేను చెప్పలేదు. పండుగలకు పోవటం మాత్రం మానలేదు.

1974 సంక్రాంతినాడు పోతే, ఆమే బొంగు తెచ్చి అరుగు మీద పెట్టింది. నోటుపుస్తకం కూడా. "నాకు చదువు రాదు. వాడు కడపట యేం వ్రాసుకున్నాడో చదువు" అన్నది. కడపటి పుటలో 1967 డిసెంబరు తేదీ. "శనికి రెండు ప్రక్కలా యేదో వున్నట్లున్నది. నా కంటికో, నిజమో తెలియదు. వాడు వచ్చినప్పుడు చూపించాలి." నేను ఆ డిసెంబరులో పరీక్షలని వూరికి రాలేదు.

"నిజమా అది?" అని అడిగింది.

ఆ సంవత్సరం శని మిథునంలో నడినెత్తికి వచ్చేవాడు. ఉంగరాలు పూర్తిగా తెరుచుకున్న కాలం. చంద్రుడు యింకా లేవలేదు. బావి స్తంభానికే కట్టి, గాజు తుడిచి, ఆమెను నిలబెట్టినాను. చాలాసేపు కుదరలేదు. ముసలి కన్ను, చిన్న రంధ్రం. అరగంటకు దొరికింది.

"వీనికి చెవులున్నాయే" అన్నది.

"అవే పెద్దమ్మా. వాడు వ్రాసింది అవే."

"అయితే నిజమే."

"నిజమే."

ఇంకొకసారి చూసింది. తరువాత కొంగుతో కన్ను తుడుచుకుని, పురుగులకు ఆకు వేయాలని లోపలికి పోయింది. పుస్తకమూ బొంగూ నన్ను తీసుకుపొమ్మన్నది. శనివారాల ఒంటిపూట ఆమె పోయేవరకు మానలేదు. నేనూ మానమని అనలేదు.

1976లో మా తాలూకాలోనే, కోటాలదిన్నె దగ్గర (పేరు చూడండి, దిన్నె అని తెలుగే!), బెంగుళూరులోని ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి రేడియో దుర్భిణి పెట్టినారు. అందులో గాజు లేదు, బొంగు లేదు. పొలాల్లో తూర్పుపడమరలుగా ఒకటింపావు కిలోమీటరు పైగా, దక్షిణానికి అరకిలోమీటరు దాకా, వెయ్యి తీగల గుంపు. ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవు రేడియో తరంగాలను ఆకాశం నుంచి పట్టుకుంటుంది. పట్నం గోల లేని చోటు కావాలని మా సీమను యెంచుకున్నారు. గురుగ్రహం కూడా ఆ పొడవు తరంగాల్లో బరబరమంటుందని 1955లో అమెరికాలో కనిపెట్టినారు. ఇది చదివినప్పుడు, రాత్రిళ్లు సిలోను స్టేషను కోసం మేము ముల్లు తిప్పుతూ వినిన బరబర గుర్తుకు వచ్చింది. అందులో గురువు మాట యేమైనా కలిసిందేమో అని వాడు తప్పక అడిగివుండును.

మొన్న 2025లో శని ఉంగరాలు మళ్లీ అంచు తిప్పినవి. మార్చి 23న తలం దాటినా సూర్యుని దగ్గర వుండటం వల్ల చూడటానికి వీలు కాలేదు. నవంబరులో మళ్లీ దాదాపు గీతగా సన్నగిల్లినవి. శని కుంభమీనాల సరిహద్దు దగ్గరికి, మేము 1966లో చూసిన చోటికే, రెండు చుట్లు తిరిగి వచ్చినాడు. మా మనుమరాలు తన మంచి దుర్భిణిలో చూసి, "తాతా, ఉంగరమేదీ?" అన్నది. కంచం తెమ్మన్నాను.

ఇక యేటేటా తెరుచుకుంటూ 2032 నాటికి నిండుగా కనబడతవి. బొంగు మా యింట్లో అటక మీద వున్నది. పురుగు పట్టింది గాని గాజు బాగానే వున్నది. హొసూరు పిల్లలెవరైనా క్రొత్త బొంగు తెచ్చుకుంటే గాజు యిస్తాను.